బోర్డో వైన్ చరిత్ర సైకిల్ మీద: మూడు దారులు, రెండు మ్యూజియాలు, కొన్ని హెచ్చరికలు

పారిస్‌లో టీజీవీ అనే వేగరైలు ఎక్కితే రెండు గంటల చిల్లరలో బోర్డో. దిగిన పర్యాటకుల్లో చాలామంది అదే ఊపులో బస్సు టూరు పట్టుకుని ఉత్తరాన మెడాక్ ప్రాంతంలోని షాటోల, అంటే వైన్ ఎస్టేట్ల వైపు పోతారు. తోటలు, కోటల్లాంటి ఇళ్లు, ఫొటోలు, సాయంత్రానికి వెనక్కి. ఊరు మాత్రం చూడరు. బోర్డోకు డబ్బు తెచ్చింది ద్రాక్ష పండించడం కంటే ఎక్కువగా ఆ వైన్‌ను కొని, కలిపి, నిలవబెట్టి, ఓడలకెక్కించి అమ్మిన వ్యాపారం. దాని ఆనవాళ్లు గారోన్ నది ఒడ్డున నాలుగైదు కిలోమీటర్ల వంపులోనే ఉన్నాయి. నడిస్తే కాళ్లు పీకుతాయి, కారుకు పార్కింగ్ దొరకదు, ట్రామ్‌లో అయితే చూసేలోపే దాటిపోతాయి. సైకిల్‌కి సరిగ్గా సరిపోయే దూరం, పైగా చదునైన నేల.

మా మార్కులు ముందే చెప్పేస్తాం. నది ఒడ్డు చుట్టుకు అయిదుకు నాలుగున్నర. నైరుతి శివారు పెసాక్ దారికి మూడు: తోటలు గొప్పవే, రోడ్డు కాదు. పల్లెల్లోకి పోయే క్రియోన్ దారికి సైకిల్ తొక్కే సుఖం పరంగా అయిదు, వైన్ పరంగా మూడు. మెడాక్‌కు ఊరి నుంచి సైకిల్ మీద వెళ్లాలనే ఆలోచన మానుకోండి. అక్కడి మార్గో ఊరి దాకా వెళ్లడానికే సగం రోజు పడుతుంది, శివార్లు దాటేవరకు దారి విసిగిస్తుంది, షాటోల రోడ్డు ఇరుకు, లారీలు ఎక్కువ. అంతగా కావాలంటే సైకిల్‌ను టీఈఆర్ అనే ప్రాంతీయ రైల్లో ఎక్కించి మార్గోలోనో పొయాక్‌లోనో దిగండి.

సైకిల్ సంగతి

రెండు రకాలుగా దొరుకుతుంది. నగర రవాణా సంస్థ టీబీఎమ్ స్టేషన్లలో తాళం వేసి ఉండే సైకిళ్లు ఒకటి, దుకాణంలో రోజు అద్దెకు తీసుకునేవి రెండోది. స్టేషన్ సైకిళ్ల ధరలు చిన్న ప్రయాణాలకు తగ్గట్టు పెట్టినవి. ఒక స్టేషన్‌లో తీసి మరో స్టేషన్‌లో పెట్టేస్తే చవక, మూడు గంటలు మీ దగ్గరే ఉంచుకుంటే ఖర్చు పెరుగుతూ పోతుంది. పైగా కార్డు మీద హామీ సొమ్ము బ్లాక్ చేస్తారు. అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేయని కార్డుతో యంత్రం ముందు నిలబడితే పని జరగదు. నది ఒడ్డు చుట్టుకు ఇవి చాలు. మ్యూజియం ముందు స్టేషన్‌లో పెట్టేసి లోపలికి వెళ్లొచ్చు, తాళం బెంగ ఉండదు. పెసాక్‌కి, క్రియోన్‌కి మాత్రం దుకాణం సైకిలే తీసుకోవాలి. మామూలుదానికి రోజుకు 15 నుంచి 20 యూరోలు, మోటారు ఉన్నదానికి దాదాపు రెట్టింపు అనుకోండి.

దుకాణంలోంచి బయటికొచ్చే ముందు బ్రేకులు చూసుకోవాలి. మన దగ్గర చాలా సైకిళ్లకు కుడిచేతి బ్రేకు ముందు చక్రానిది. ఫ్రాన్స్‌లో ఎడమచేతిది ముందు చక్రానిది. కంగారులో అలవాటైన చెయ్యి నొక్కితే వెనక చక్రం ఆగాల్సిన చోట ముందు చక్రం బిగుసుకుంటుంది, మనిషి హ్యాండిల్ మీదుగా వెళ్తాడు. ఖాళీ చోట అయిదు నిమిషాలు తొక్కి, ఎడమచెయ్యి మెల్లగా నొక్కడం అలవాటు చేసుకోండి. టైరు వెడల్పు 35 మిల్లీమీటర్లకు తక్కువ ఉంటే వేరేది అడగండి, కారణం కింద చెప్తాం. గంట, ముందు వెనక లైట్లు చట్టప్రకారం ఉండాలి. తాళం యూ ఆకారంలో ఉన్న గట్టిదే ఇవ్వమనండి. దాన్ని ఫ్రేమును, వెనక చక్రాన్ని కలిపి స్తంభానికి బిగించాలి. ముందు చక్రానికి మాత్రమే వేస్తే తిరిగొచ్చేసరికి ఆ చక్రమే మిగులుతుంది.

టైరు వెడల్పు ఎందుకంటే ట్రామ్ పట్టాలు. బోర్డోలో ట్రామ్ 2003లో వచ్చింది. ఊరి నడిబొడ్డున పైన తీగలు కనిపించవు, కరెంటు రెండు పట్టాల మధ్య నేలలోని మూడో పట్టీ నుంచి వస్తుంది. ట్రామ్ తన మీదుగా వెళ్తున్నంతసేపే ఆ ముక్కలో కరెంటు ఉంటుంది కాబట్టి తొక్కినా షాక్ కొట్టదు. కానీ తడిస్తే జారుతుంది. అసలు ప్రమాదం పట్టా పక్కనున్న గాడి. సన్న టైరు అందులో దిగిందంటే హ్యాండిల్ తిరగదు, పడిపోవడమే. పట్టాలను అడ్డంగా, వీలైనంత లంబకోణంలో దాటాలి. ట్రామ్ వెంట సమాంతరంగా వెళ్తూ కొంచెం కొంచెంగా అటువైపు జరగడం అన్నింటికన్నా చెడ్డ పద్ధతి. వాన పడితే దిగి నడిపించుకోండి. కొత్తగా వచ్చినవాళ్లు పడేది ఎక్కువగా ఇక్కడే.

ఇంకొన్ని రూల్స్. కుడివైపున వెళ్లాలి. గుర్తులేమీ లేని కూడలిలో మీ కుడి నుంచి వచ్చే వాహనానిదే ముందు హక్కు, అది చిన్న సందులోంచి వచ్చినా సరే. ఎర్రలైటు స్తంభానికి సైకిల్ బొమ్మ, పసుపు బాణం ఉన్న చిన్న త్రికోణం కనిపిస్తే, నడిచేవాళ్లకు దారి ఇచ్చి ఆ బాణం వైపు ఎర్రలైటులోనూ వెళ్లొచ్చు. చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తొక్కితే 135 యూరోల జరిమానా. 12 ఏళ్ల లోపు పిల్లలకు హెల్మెట్ తప్పనిసరి.

నది ఒడ్డు చుట్టు

టూరు పుస్తకాలు ఎక్కువగా ఎడమ ఒడ్డు నుంచి మొదలుపెట్టమంటాయి. మేం తిరగేసి చెప్తాం. పొద్దున పోన్ ద పియెర్ రాతి వంతెన మీదుగా ముందు కుడి ఒడ్డుకు దాటండి. ఎడమ ఒడ్డున ఒకే ఎత్తులో వరసగా నిలిచిన 18వ శతాబ్దపు భవనాల ముఖాలు తూర్పుకు ఉంటాయి. ఉదయపు ఎండ వాటి మీద పడుతుంది, సాయంత్రమైతే అవి నీడలోకి పోతాయి. ఇంకో కారణం, ఈ లెక్కన వైన్ తాగే చోటు చివర్లో వస్తుంది.

ఆ వంతెన 1822లో పూర్తయింది, 17 కమానులు. అంతకుముందు బోర్డో దగ్గర గారోన్ మీద వంతెనే లేదు, పడవలే గతి. అందుకే సంపదంతా ఎడమ ఒడ్డున పోగుపడింది. 2017 నుంచి సొంత కార్లను వంతెన మీదికి రానివ్వడం లేదు, సైకిళ్లకు హాయి. దాటి ఎడమకు తిరిగితే నది పక్కన పార్కులోంచి దారి. నది ఇక్కడ నెలవంకలా వంగుతుంది, పాత రోజుల్లో దీన్ని చంద్రరేవు అనేవారు. యునెస్కో 2007లో ఊరిని గుర్తించింది కూడా ఆ పేరుతోనే. అవతలి ఒడ్డున ఆ భవనాల వరసంతా ఒక్క చూపులో అందేది ఇక్కడి నుంచే.

ఉత్తరాన షాబాన్ డెల్మా వంతెన. 2013లో తెరిచారు. పెద్ద ఓడలు వచ్చినప్పుడు 117 మీటర్ల మధ్య భాగం మొత్తం లిఫ్టులా పైకి లేస్తుంది. లేచిందంటే గంటకు పైగా దారి బంద్. ఏ రోజు ఏ వేళకు లేస్తుందో నగరపాలక సంస్థ ముందే ప్రకటిస్తుంది, చూసుకోకుండా బయల్దేరకండి. ఎడమ ఒడ్డుకు దాటి వంతెన దిగితే కుడివైపున సిటే డు వాన్ అనే వైన్ మ్యూజియం.

ఈ మ్యూజియం గురించి ఒకింత తగవు పడాలి. 2016లో తెరిచారు, 55 మీటర్ల ఎత్తు, గ్లాసులో తిప్పిన వైన్ సుడిలా ఉండే కట్టడం. టికెట్టు 22 యూరోల ప్రాంతంలో ఉంటుంది. అందులోనే ఎనిమిదో అంతస్తులో, 35 మీటర్ల ఎత్తున ఒక గ్లాసు వైన్. తాగనివాళ్లకూ పిల్లలకూ ద్రాక్షరసం ఇస్తారు. ప్రపంచంలో వైన్ ఎక్కడెక్కడ, ఎప్పటి నుంచి, ఎలా అన్నది బొమ్మలతో, తెరలతో, మాటలతో చెప్తారు. వాసనలు పీల్చి పోల్చుకునే బల్ల పిల్లలకే కాదు, పెద్దలకూ నచ్చుతుంది. వైన్ గురించి ఓనమాలు తెలియనివారికి గిట్టుబాటే. కానీ బోర్డో గురించి తెలుసుకుందామని వెళ్తే నిరాశ. ఇదే మ్యూజియం మరే ఊళ్లో ఉన్నా పెద్దగా తేడా ఉండదు. తెరలు ఎక్కువ, అసలు వస్తువులు తక్కువ. మాటల పరికరంలో ఇంగ్లిష్ ఉంది, భారతీయ భాషలేవీ లేవు. గంటలో ముగిద్దామనుకుంటే డబ్బు దండగ, కనీసం రెండున్నర గంటలు కావాలి. వారం మధ్యలో, తలుపులు తెరిచే వేళకే వెళ్లండి. ఇంకా తొక్కాల్సింది ఉంది కాబట్టి పైన ద్రాక్షరసం అడగడమే మేలు, కిటికీలోంచి నది వంపు ఎలాగూ అదే కనిపిస్తుంది.

పక్కనే పాత ఓడల రేవు కొలనులు, జర్మన్లు రెండో ప్రపంచయుద్ధంలో కట్టిన జలాంతర్గాముల కాంక్రీటు కోట. వైన్‌తో సంబంధం లేదు, తీరిక ఉంటే ఒక చూపు చూడండి.

అక్కడి నుంచి దక్షిణానికి తిరిగి, నది గట్టు వెంట షార్ట్రాన్ పేటకు రావాలి. ఈ మొత్తం యాత్రకు గుండెకాయ ఇదే. ఈ పేట ఊరి గోడల బయట ఎందుకు పుట్టిందో తెలిస్తే వీధులు అర్థమవుతాయి. 1152లో ఈ ప్రాంతమైన అక్విటేన్ వారసురాలు ఎలినోర్, హెన్రీ ప్లాంటజెనెట్‌ను పెళ్లాడింది. రెండేళ్లకు అతడు ఇంగ్లండ్ రాజయ్యాడు. 1453 దాకా, మూడు వందల ఏళ్లు, ఈ నేల ఇంగ్లిష్ రాజులదే, బోర్డో వైన్‌కు లండన్ సొంత బజారు. ఆ కాలంలో బోర్డో వర్తకులు సంపాదించుకున్న హక్కుల్లో గట్టిది ఒకటుంది. నదికి పైనున్న ప్రాంతాల వైన్, బోర్డో వైన్ అమ్ముడయ్యేదాకా, అంటే శీతాకాలం వచ్చేవరకు, రేవులోకి రాకూడదు. వచ్చినా ఊరి గోడల లోపల నిలవ చేయకూడదు. అప్పట్లో వైన్ ఏడాదికే పులిసిపోయేది కాబట్టి ముందు అమ్మినవాడిదే లాభం. ఆ హక్కును 1776లో ఫ్రాన్స్ ఆర్థిక మంత్రి త్యుర్గో రద్దు చేశాడు. అంతవరకు బయటి వైన్‌కు చోటు గోడల అవతలి షార్ట్రాన్. అక్కడే డచ్చివాళ్లు, ఐరిష్‌వాళ్లు, జర్మన్లు గోదాములు కట్టుకున్నారు. పీపాలో గంధకం కాల్చి ఆ పొగతో వైన్ చెడకుండా ఆపే పద్ధతిని ఇక్కడ బాగా వ్యాపింపజేసింది డచ్చివాళ్లే. ఇప్పటికీ వాడేది ఆ గంధకమే, రూపం మారింది.

గట్టు వైపు నుంచి చూస్తే ఇళ్ల ముఖాలు ఇరుకు. కానీ తలుపు వెనక గోదాము చాలా లోపలికి పోతుంది. నదికి ఆనుకున్న జాగా ఖరీదు, కాబట్టి ముందు వెడల్పు తగ్గించి లోతు పెంచుకున్నారు. ముందు భాగంలో ఆఫీసు, పైన కాపురం, వెనక పీపాలు. బారిక్ అనే బోర్డో పీపా 225 లీటర్లు, అంటే నేటి లెక్కలో 300 సీసాలు. నిండితే బరువు పావుటన్ను దాటుతుంది, అయినా గుండ్రం కాబట్టి ఒకరిద్దరు దొర్లించగలరు. నాలుగు బారిక్‌లు ఒక తొన్నో, 900 లీటర్లు. వైన్‌ను టోకున అమ్మేటప్పుడు దళారులు ఇప్పటికీ ధర చెప్పేది తొన్నో లెక్కనే.

ర్యూ బోరీ వీధిలోని వైన్ వర్తక మ్యూజియాన్ని అస్సలు వదలొద్దు. 1720 ప్రాంతంలో ఒక ఐరిష్ వర్తకుడి కోసం కట్టిన ఇల్లు, కింద కమాను కప్పుల నేలమాళిగలు. పీపాలు, సీసాలు నింపే పనిముట్లు, పాత లేబుళ్లు, ఎవరు ఎవరికి అమ్మేవారో చెప్పే పటాలు. షాటో యజమాని, మధ్యలో కూర్తియే అనే దళారి, కొని నిలవబెట్టి విదేశాలకు పంపే నెగోసియాన్: ఈ ముగ్గురి లెక్క తెలియకపోతే బోర్డో ధరలు అర్థం కావు. ప్రసిద్ధ షాటోల వైన్ నేటికీ చాలావరకు ఈ గొలుసులోంచే పోతుంది. టికెట్టు సిటే డు వాన్‌లో సగం ఉంటుంది, చివర్లో రుచి చూపిస్తారు. చిన్నది, కొంచెం పాతకాలపు అమరిక, చదవాల్సినవి ఎక్కువ. గంట చాలు. రెండింటిలో ఒక్కటే చూసే వీలుంటే మా ఓటు దీనికే.

గోదాముల్లో ఇప్పుడు వైన్ లేదు. ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో లారీలకు అనువైన శివార్లకు నిల్వలు తరలిపోయాయి. పేరున్న షాటోలు తమ వైన్ తామే సీసాల్లో నింపడం మొదలుపెట్టాక, పీపాల్లో కొనుక్కొచ్చి ఇక్కడ నింపే పని తగ్గింది. 1973లో తప్పుడు పత్రాలతో వైన్ అమ్మిన కుంభకోణం ఈ పేటలోని ఒక పెద్ద సంస్థను కోర్టుకీడ్చి, వర్తకుల పరువు తీసింది. నేడు ర్యూ నోత్ర్ దామ్‌లో పాత సామాను దుకాణాలు, 1869 నాటి ఇనుప కప్పు సంతశాల, గోదాముల్లో ఫ్లాట్లు. పాత వీధుల్లో రాళ్లు పరిచిన చోట్ల మెల్లగా వెళ్లండి. ఆదివారం పొద్దున షార్ట్రాన్ గట్టున సంత ఉంటుంది, ఆ ముక్క దిగి నడవడమే.

ఇంకొంచెం దక్షిణాన 1824 నాటి లేనే గోదాము, ఇప్పుడు ఆధునిక కళల మ్యూజియం. ఓడలు వైన్ తీసుకుపోయి వెనక్కి తెచ్చిన చక్కెర, కాఫీ, మసాలాలు దించిన చోటు. ఆ చక్కెర ఎవరి చెమటో కూడా చూడాలనుకుంటే ఊళ్లోని అక్విటేన్ మ్యూజియంలో బానిస వ్యాపారం గదులకు వెళ్లండి. బోర్డో నుంచి సుమారు 500 బానిస ఓడ యాత్రలు జరిగాయి. నది ఒడ్డున ప్లాస్ ద లా బుర్స్ అనే కూడలి భవనాల మీద చెక్కిన ముఖాల్లో ఆఫ్రికా ముఖాలూ ఉన్నాయి, సైకిల్ ఆపి తలెత్తితే కనిపిస్తాయి. వైన్ టూరుల్లో చాలావాటిలో ఈ మాటే రాదు, అది మాకు నచ్చని విషయం.

ఆ బుర్స్ భవనాల ముందే నీటి అద్దం, నేల మీద 2 సెంటీమీటర్ల నీళ్లు. ఎండాకాలం పిల్లలతో కిటకిట. సైకిల్ దింపి నడిపించండి, తడి రాయి నున్నగా ఉంటుంది.

ముగింపు గ్రాన్ తియాత్ర్ నాటకశాల దగ్గర, బోర్డో వైన్ మండలి భవనం కింది అంతస్తులోని బార్. గ్లాసు కొన్ని యూరోలకే మొదలవుతుంది, ఎరుపు, తెలుపు, తీపి అన్నీ దొరుకుతాయి. ఇక్కడ అడగాల్సింది పేరు మోసిన షాటో కాదు, ఎడమ ఒడ్డుదీ కుడి ఒడ్డుదీ పక్కపక్కన. మొదటిదాంట్లో కాబర్నే సోవిన్యోన్ అనే ద్రాక్ష పాలు ఎక్కువ, వగరు ముందు తగులుతుంది. రెండోదాంట్లో మెర్లో ద్రాక్ష ఎక్కువ, మెత్తగా ఉంటుంది. ఆదివారం మూసి ఉంటుంది. ఎదురుగా ఇంతాందాన్ అనే దుకాణం, గుండ్రటి మెట్లు ఎక్కేకొద్దీ సీసాల ధర కూడా ఎక్కుతుంది. కొనేవాళ్లకు కింది రెండు చుట్లు చాలు.

మొత్తం దూరం పక్కదారులతో కలిపి 10 కిలోమీటర్లు. మ్యూజియాలతో కలిపి ఒక రోజు.

పెసాక్ వైపు

ఊరు పెరిగి తోటల్ని చుట్టేసిన చోటు ఇది. నడిబొడ్డు నుంచి నైరుతిగా బారియేర్ ద పెసాక్ కూడలి దాటి జాన్ జోరెస్ రోడ్డు పట్టుకుంటే అయిదు కిలోమీటర్లలో ఓ బ్రియాన్ షాటో. సైకిల్ దారి వస్తుంది, పోతుంది, బస్సుల వెనక ఇరుక్కోవాల్సి వస్తుంది. ఆఫీసు వేళల్లో వెళ్లకండి.

ఓ బ్రియాన్ పేరు 1663లోనే లండన్‌లో సామ్యూల్ పీప్స్ తన డైరీలో రాసుకున్నాడు. 1855లో పారిస్ ప్రదర్శన కోసం దళారులు అమ్మకపు ధరల ఆధారంగా ఎర్ర వైన్లకు తరగతులు వేసినప్పుడు, మెడాక్ బయటి నుంచి ఆ జాబితాలోకి ఎక్కింది ఇదొక్కటే, అదీ మొదటి తరగతిలో. గేటు దగ్గరికి వెళ్లి అడిగితే రానివ్వరు, వారాల ముందే రాసి అనుమతి తెచ్చుకోవాలి. అనుమతి లేకపోయినా రోడ్డు మీద నుంచి తోట కనిపిస్తుంది, చూడాల్సింది నేలను. గులకరాళ్లు. నీరు నిలవదు, పగటి వేడిని రాత్రికి దాచుకుంటుంది. చుట్టూ ఇళ్లు ఉండడంతో ఇక్కడి గాలి ఊరి బయటికన్నా ఒకటి రెండు డిగ్రీలు వెచ్చన, కాబట్టి మంచు దెబ్బ తక్కువ, కోత ముందే మొదలవుతుంది. హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్ ఎ షాహి ద్రాక్ష పందిళ్లు చూసినవాళ్లకు ఈ తీగలు మొదట మరుగుజ్జుల్లా కనిపిస్తాయి. పండు నేలకు దగ్గరగా ఉంటే ఆ గులకరాళ్ల వేడి తగులుతుందని ఇలా కత్తిరిస్తారు. వరసల్లోకి మాత్రం దిగకండి.

దగ్గర్లోనే, నగర పరిధిలో మిగిలిన షాటో లే కార్మ్ ఓ బ్రియాన్. 2016 నాటి కొత్త వైన్‌శాల నీళ్లలో దిగిన ఓడలా ఉంటుంది, డిజైనర్ ఫిలిప్ స్టార్క్ పేరు మీద. ఇంకొంచెం ముందుకు పాప్ క్లెమాన్: 1305లో పోప్ అయిన బెర్త్రాన్ ద గో సొంత తోట. ముందుగా బుక్ చేసుకుని డబ్బు కట్టి చూడడానికి మామూలు యాత్రికుడికి ఈ మూడింటిలో సులభంగా అందేది ఇదే. సెప్టెంబరులో కోతలప్పుడు ఎక్కడైనా అనుమతులు తగ్గుతాయి, ఆ నెల పెసాక్ కోసం పెట్టుకోకండి. వాన పట్టుకుంటే ట్రామ్ బీ లైను ఉంది, రద్దీ వేళల్లో మాత్రం సైకిల్ ఎక్కించనివ్వరు.

క్రియోన్ దాకా, వీలైతే దాటి

1937లో టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెం గెలిచిన రోజే లాపెబీ పేరు పెట్టిన దారి. పాత రైలు మార్గం మీద తారు వేశారు. కుడి ఒడ్డు వెంట దక్షిణంగా, 2024లో తెరిచిన సిమోన్ వేయ్ వంతెన ఎక్కకుండా దాని పక్కగా ముందుకు పోయి లాట్రెన్ చేరాక అసలు దారి మొదలు. క్రియోన్‌కి 25 కిలోమీటర్లు, సోవ్‌తేర్ దాకా మొత్తం 55 పైన. రైలు ఎక్కగలిగిన ఎత్తే కాబట్టి ఎక్కడా ఊపిరాడని ఎక్కుడు లేదు. కానీ క్రియోన్ దాకా మెల్లగా ఎక్కుతూనే ఉంటుంది. కంటికి తెలియదు, కాళ్లకు తెలుస్తుంది. వెళ్లేటప్పుడు ఒక గేరు తక్కువలో తొక్కండి, వచ్చేటప్పుడు అదే దారి తోసుకుంటూ తెస్తుంది. చెట్ల వేళ్లు తారును లేపిన చోట్ల జాగ్రత్త, రోడ్లు దాటే దగ్గర అడ్డుకర్రల మధ్య నుంచి మెల్లగా పోవాలి.

ఒక నిరాశ ముందే చెప్పాలి. క్రియోన్ దాకా దారి ఎక్కువగా అడవిలో, గట్ల మధ్య పోతుంది, తోటలు పెద్దగా కనిపించవు. అక్కడే వెనక్కి తిరిగినవాళ్లు వైన్ చూడకుండా వచ్చినట్టే. ఇంకో మూడు నాలుగు కిలోమీటర్లు వెళ్తే, సొరంగం దగ్గర లా సోవ్ వస్తుంది. 1079 నాటి మఠం శిథిలాలు, పక్కనే ఆంత్ర్ దె మేర్ అనే ఈ ప్రాంతపు వైన్ల భవనం. ఇక్కడి సంగతి తెల్ల వైన్: సోవిన్యోన్, సెమియోన్, మ్యుస్కదెల్ ద్రాక్షలు. ధరలు పెసాక్ ముందు నిలబడవు, ఎండలో వచ్చినవాళ్లకు మాత్రం ఇదే రుచిస్తుంది.

లా సోవ్ దాటాక తోటల మధ్య తీగల్ని వేళ్లతో సహా పెకిలించిన ఖాళీ చేలు కనిపిస్తాయి. బోర్డో సాదా ఎర్ర వైన్‌కు గిరాకీ పడిపోయి, 2023లో సుమారు 9,500 హెక్టార్లు పీకేసే పథకం మొదలైంది. మ్యూజియాల్లో ఈ గది ఇంకా లేదు.

నీళ్లకు కిటుకు: దారిలో ఊరి శ్మశానాల దగ్గర కుళాయి ఉంటుంది, తాగకూడదని బోర్డు లేకపోతే నింపుకోవచ్చు. క్రియోన్ పాత స్టేషన్‌లో సైకిల్ రిపేరు, అద్దె ఉన్నాయి. బుధవారం అక్కడ సంత. ఆదివారం మధ్యాహ్నం, సోమవారం పల్లెల్లో రొట్టె దుకాణాలు కూడా మూసి ఉండొచ్చు, తిండి వెంట ఉంచుకోండి. శాకాహారులు కనెలే అనే చిన్న కేకు గురించి అడగకుండా కొనకండి, అందులో గుడ్డు పచ్చసొన, రమ్ ఉంటాయి. పీపాలో వైన్ తేటపడడానికి అయిదారు గుడ్ల తెల్లసొన వేసేవారు, మిగిలిన పచ్చసొనతో ఈ కేకు పుట్టిందంటారు.

తాగడం, మోయడం

రక్తంలో లీటరుకు 0.5 గ్రాముల ఆల్కహాల్ పరిమితి కారుకే కాదు, సైకిల్‌కూ. పది సెంటీలీటర్ల గ్లాసు వైన్‌లో సుమారు 10 గ్రాముల ఆల్కహాల్. చిన్న శరీరం ఉన్నవాళ్లకు రెండు గ్లాసులతోనే పరిమితి చేరుతుంది. రుచి చూసే చోట ఉమ్మడానికి గిన్నె పెట్టేది అందుకే. అక్కడ వృత్తివాళ్లంతా ఉమ్ముతారు, మీరు ఉమ్మినా ఎవరూ తప్పుగా అనుకోరు. మింగితే సైకిల్ స్టేషన్‌లో పెట్టేసి ట్రామ్ ఎక్కండి.

సీసా ఒక్కోటి కిలోంబావు దాటుతుంది, బరువైనవి కిలోన్నర. ఆరు సీసాలను వీపు సంచిలో వేసుకుంటే బ్యాలెన్స్ పోతుంది, వెనక క్యారియర్‌కి రెండు వైపులా తగిలించే సంచుల్లో సమంగా సర్దండి, మధ్యలో బట్టలు పెట్టండి. జులై, ఆగస్టుల్లో 35 డిగ్రీలు దాటుతుంది. నల్ల సంచిలో రెండు గంటలు ఎండలో ఉంటే బిరడా పైకి పొడుచుకొస్తుంది, వైన్ ఉడికిన పండు వాసన వేస్తుంది. పొద్దున కొనడం మానేసి చివర్లో కొనండి. ఇంటికి తెచ్చుకునేవాళ్లకు సుంకం లేకుండా మనిషికి 2 లీటర్లే, అంటే రెండు సీసాలు. అవి చెక్‌ఇన్ పెట్టెలోనే వెళ్లాలి.